గీత నుంచి బొమ్మ దాకా: ఎ.ఎస్. రావు గారి కథ

పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ ఆన్ చేశాక తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క తెల్లటి గీత వచ్చి నిలబడిందనుకోండి. సౌండ్ మాత్రం బాగానే వస్తోంది. ఇంట్లోవాళ్లు టీవీ పోయిందంటారు. మెకానిక్ మాత్రం ఆ గీత చూసి లోపల్లోపల సంతోషిస్తాడు. ఎందుకంటే ఆ ఒక్క గీత చాలా సంగతులు చెప్పేస్తుంది. పవర్ సప్లై బాగుంది. పిక్చర్ ట్యూబ్ హీటర్ వెలుగుతోంది. ట్యూబ్‌కి కావాల్సిన పదిహేను వేల చిల్లర వోల్టులు అందుతున్నాయి. ఎలక్ట్రాన్ల కిరణం సెకనుకి 15,625 సార్లు ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతోంది. పైనుంచి కిందకి మాత్రం కదలట్లేదు. అంటే వెతకాల్సింది వర్టికల్ సెక్షన్ ఒక్కటే. ఆసిలేటర్, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్, అక్కణ్నుంచి యోక్‌కి వెళ్లే పెద్ద కండెన్సర్, యోక్‌లో వర్టికల్ కాయిల్. నాలుగే నాలుగు చోట్లు. అయితే ముందు బ్రైట్‌నెస్ బాగా తగ్గించాలి. లేకపోతే కిరణం అంతా ఒకేచోట పడి తెర లోపలి పూత కాలిపోతుంది, ఆ మచ్చ ఇంక పోదు.

నేను రాయబోయేది ఒక మనిషి జీవితం. కాకపోతే ఆయన దగ్గరికి నేను వెళ్లింది ఇలాంటి గీతలు పట్టుకునే.

మాది మలక్‌పేట. అక్బర్‌బాగ్ వైపు ఒక గల్లీలో ఒక టీవీ మెకానిక్ ఉన్నాడు. మేమంతా ఆయన్ని చాచా అంటాం. ఇప్పుడు ఆయనకి వచ్చే పని ఎల్‌ఈడీ టీవీల బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు మార్చడం. కానీ అప్పుడప్పుడు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పాత డబ్బా టీవీలు తెచ్చి పడేస్తారు. కథ 1980లలో జరుగుతుంటుంది, హీరో ఇంట్లో టీవీ నిజంగా ఆడాలి, అదీ వాళ్ల గొడవ. ఈ ఎండాకాలం సెలవుల్లో నేను ఆయన దగ్గర కూర్చుని అలాంటి సెట్టు ఒకటి బాగుచేయడం నేర్చుకున్నాను. చెక్క డబ్బా, ముందు రెండు షట్టర్లు, నాబ్ తిప్పితే టకటకమనే ట్యూనర్. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది, అది ఏ కంపెనీదో ఇద్దరికీ తెలియలేదు. దాన్ని విప్పుతున్నప్పుడే చాచా తన కుర్రతనం గురించి, ఈసీ టీవీల గురించి, ఈసీఐఎల్ గురించి చెప్పుకొచ్చాడు. ఎ.ఎస్. రావు నగర్ అంటే నాకు అప్పటిదాకా బట్టల షాపులు, టిఫిన్ సెంటర్లు, ట్రాఫిక్ మాత్రమే. ఆ పేరుగల మనిషి మన బ్రాంచి మనిషేనని తెలిశాక తవ్వడం మొదలుపెట్టాను.

అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబర్ 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి ఊరు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా అదే. ఆ సంవత్సరం సంగతి ఒక్కసారి ఊహించుకోండి. జర్మనీలో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కేథోడ్ రే ట్యూబ్ తయారుచేసి అప్పటికి 17 ఏళ్లు. మూడు కాళ్ల వాల్వు పుట్టి పదేళ్లు కూడా కాలేదు. మన దేశంలో రేడియో ప్రసారాలే లేవు. ఎలక్ట్రానిక్స్ అనే చదువు ఎక్కడా లేదు. కాబట్టి ఆయన చదివింది ఫిజిక్స్. గోదావరి జిల్లా నుంచి అంత దూరం వెళ్లి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశారు. తర్వాత అక్కడే పాఠాలు చెబుతూ, పరిశోధన చేస్తూ 1946 దాకా ఉండిపోయారు. ఆ కాలంలో చాలా ఏళ్లు అక్కడ వైస్ ఛాన్సలర్ మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే.

1946లో టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి వెళ్లారు. వయసు 32. మనలో కొందరు 22 ఏళ్లకే ఆలస్యమైపోయిందని బెంగపెట్టుకుంటారు, వాళ్ల కోసం ఈ అంకె ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆయన వెళ్లిన సమయం కూడా మంచిది. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. యుద్ధంలో రాడార్ కోసం రాత్రింబవళ్లు పనిచేసిన ఇంజినీర్లు విశ్వవిద్యాలయాలకి తిరిగొస్తున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ డీన్ ఫ్రెడరిక్ టెర్మన్ కూడా అలా తిరిగొచ్చినవాడే. టీవీ విప్పితే కనబడే ఐఎఫ్ యాంప్లిఫయర్లు, స్వీప్ సర్క్యూట్లు, పల్సు విడదీసే సర్క్యూట్లు, తెర మీద కిరణాన్ని నడిపించే పద్ధతి, ఇవన్నీ రాడార్ పనిలో బాగా పదునెక్కిన విద్యలు. యుద్ధం అయ్యాక అవే ఇళ్లలోకి టీవీలుగా వచ్చాయి.

చదువయ్యాక అక్కడే ఉండిపోయే అవకాశం అప్పుడూ ఉంది. ఆయన మాత్రం దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజుల్లోనే తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. అక్కడ పని కాస్మిక్ కిరణాల మీద. ఆకాశం నుంచి వచ్చే కణాన్ని పట్టుకోవాలంటే కౌంటర్లు కావాలి, వాటి నుంచి వచ్చే సన్నటి పల్సుని పెద్దది చేసే యాంప్లిఫయర్లు కావాలి, లెక్కపెట్టే సర్క్యూట్లు కావాలి. బయటినుంచి కొనడానికి విదేశీ మారకద్రవ్యం లేదు. కొన్నా పాడైతే బాగుచేసేవాడు లేడు. అందుకని సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. అలా పరిశోధన సాయానికి పుట్టిన చిన్న ఎలక్ట్రానిక్స్ పనే పెరిగి, ట్రాంబేలో అణుశక్తి సంస్థ వచ్చాక పూర్తిస్థాయి ఎలక్ట్రానిక్స్ విభాగం అయ్యింది. దాన్ని నడిపింది రావు గారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది, కంట్రోల్ వ్యవస్థ మాత్రం ఇక్కడే తయారైంది. ఆ పని చేసింది రావు గారి విభాగం. ఇది ఎంత పెద్ద విషయమో నాకు మొదట అర్థం కాలేదు. కంట్రోల్ సిస్టమ్స్ పేపర్ రాసి పాసైనవాణ్నే గానీ ఇది తట్టలేదు. రియాక్టర్‌లో న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో కొలిచే యాంప్లిఫయర్ తప్పు చెబితే ఆ తర్వాత జరిగేవన్నీ తప్పే. వైరు తెగినా, కరెంటు పోయినా రియాక్టర్ తనంతట తాను ఆగిపోయేలా ఉండాలి, ఆగకుండా ఉండిపోయేలా కాదు. అంటే సర్క్యూట్ గీసేటప్పుడే ఇది ఎన్నిరకాలుగా చెడిపోవచ్చో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. మనం ప్రాజెక్టుల్లో ఒక్కసారి పనిచేస్తే చాలనుకుంటాం కదా, డెమో రోజు ఎల్‌ఈడీ వెలిగితే చాలు. చెడిపోవడం గురించి ముందే ఆలోచించడం వేరే చదువు. చాచాకి ఆ చదువు ఉంది, రిపేర్ వైపు నుంచి. రావు గారికి ఉంది, తయారీ వైపు నుంచి.

1960లో పద్మశ్రీ వచ్చింది, 1965లో ఇంజినీరింగ్ శాస్త్రాల్లో భట్నాగర్ బహుమతి. ఇవి చెప్పి ముందుకెళ్తాను. ఎందుకంటే ఆయన జీవితంలో అసలు మలుపు బహుమతుల్లో లేదు, 1962 చైనా యుద్ధంలో ఉంది. ఆ ఓటమి తర్వాత మన సైన్యం దగ్గర రేడియోలు, రాడార్లు ఎంత తక్కువో, ఉన్నవాటికి విడిభాగాల కోసం ఎవరి మీద ఆధారపడ్డామో బయటపడింది. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. దేశానికి ఏయే ఎలక్ట్రానిక్ భాగాలు ఎన్ని కావాలి, ఎవరు చేయాలి అని లెక్కలు వేసి 1966లో నివేదిక ఇచ్చారు. ఆ జనవరి 24నే భాభా ఆల్ప్స్ కొండల్లో విమాన ప్రమాదంలో చనిపోయారు. కాగితం మీద పథకం మిగిలింది, దాన్ని ముందుకి తోసే పెద్దమనిషి లేడు.

1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, మనందరి నోట్లో ఈసీఐఎల్, మొదలైంది. అణుశక్తి శాఖ కింద కంపెనీ. మేనేజింగ్ డైరెక్టర్ రావు గారు. ట్రాంబేలో ప్రయోగశాల కోసం పరికరాలు చేసినవాళ్లు ఇప్పుడు మౌలాలి అవతల, కుషాయిగూడ చర్లపల్లి వైపు వచ్చి ఫ్యాక్టరీ నడపాలి. ప్రయోగశాలలో ఒక్కటి చేసి చూపిస్తే పేపర్ అవుతుంది. ఫ్యాక్టరీలో వెయ్యి చేస్తే వెయ్యీ ఒకేలా ఉండాలి, కొన్నవాడి ఇంట్లో ఐదేళ్లు పనిచేయాలి, చెడిపోతే మలక్‌పేట గల్లీలో ఉన్నవాడికి అర్థం కావాలి.

కంప్యూటర్ల వైపు కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1969లో టీడీసీ 12, ఆ తర్వాత టీడీసీ 312, టీడీసీ 316. దేశంలో తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లు అమ్మిన కంపెనీ ఇదే. దాని మీద విమర్శ కూడా ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. ప్రభుత్వం ఈసీఐఎల్‌కి అడ్డుగోడ కట్టి కాపాడిందని, ఆ యంత్రాలు ఖరీదైనవని, అందడం ఆలస్యమని, విదేశాల్లో వస్తున్నవాటికంటే వెనకబడి ఉన్నాయని వాడినవాళ్లు చాలామంది అన్నారు. అందులో నిజం ఉంది. 1970ల చివర ప్రైవేటు కంపెనీలకి తలుపు తీశాక పరిస్థితి త్వరగానే మారిపోయింది.

నాకు ఎక్కువ ఆసక్తి టీవీల వైపే. దేశంలో టీవీ ప్రసారం 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. రెండో ఊరు బొంబాయికి రావడానికి 1972 దాకా పట్టింది. మన దగ్గర అప్పటికి టవరే లేదు. అలాంటప్పుడు హైదరాబాద్ కంపెనీ టీవీ చేయడమేంటి? పైగా ఈసీఐఎల్ దేశీయంగా తొలి సాలిడ్ స్టేట్ టీవీ తెచ్చింది, అంటే పిక్చర్ ట్యూబ్ తప్ప లోపల వాల్వులు లేనిది. వాల్వుల సెట్టు లోపల పొయ్యిలా వేడెక్కేది. ఒక్కో వాల్వుకీ ఒక్కో హీటర్. చాలా సెట్లలో అవన్నీ పాత దీపావళి సీరియల్ బల్బుల్లాగా వరసగా కలిపి ఉంటాయి, ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. ఆ వేడికి పక్కనున్న కండెన్సర్లు ఎండిపోతాయి. మన ఎండలకి, మన కరెంటు హెచ్చుతగ్గులకి వాల్వుల కంటే ట్రాన్సిస్టర్లే నయం. ప్రపంచమంతా ఆ వైపే వెళ్తోంది, నిజమే. కానీ అణు పరికరాల్లో ఎన్నో ఏళ్లుగా ట్రాన్సిస్టర్లతో పనిచేసిన చేతులు ఇక్కడ ముందే ఉన్నాయి. టీవీ వాళ్లకి కొత్త సరుకు, ఆ విద్య మాత్రం పాతదే.

తర్వాత వచ్చింది అసలు పరీక్ష. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ ప్రయోగం. అమెరికా నుంచి ఏటీఎస్ 6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి నేరుగా టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. కోళ్లగూటి జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా, 860 మెగాహెర్ట్‌జ్ సిగ్నల్, దాన్ని మామూలు టీవీకి పట్టేలా మార్చే పెట్టె, దాని కింద టీవీ. ఆ పల్లెల సెట్లు తయారుచేసింది ఈసీఐఎల్. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీ మీద నడిపారు. బొమ్మ పోతే ఊళ్లో చూసేవాడు ఎవడూ ఉండడు, పట్నం దాకా మోసుకెళ్లడమూ కుదరదు. మరమ్మతు మనుషుల్ని పల్లెల మధ్యే పెట్టుకోవాలి. నేల మీద కూర్చుని మొదటిసారి టీవీ చూస్తున్న రెండు వందలమంది ముందు సెట్టు ఆగిపోతే ఏ నివేదికా కాపాడదు.

ఇక్కడ కొంచెం ఆగి, బొమ్మ చూసి జబ్బు ఎలా చెప్పాలో చాచా నేర్పిన పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఆ పల్లెల్లో తిరిగినవాళ్లు చేసిందీ ఇదే అయ్యుండాలి. ముందు జాగ్రత్త మాట. పాత సెట్లు చాలావాటిలో ఛాసిస్ నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోకూడదు. ప్లగ్గు పీకేసినా పిక్చర్ ట్యూబ్ పెద్ద కండెన్సర్ లాంటిది, గంటల తర్వాత కూడా ఛార్జి పట్టుకుని ఉంటుంది. రబ్బరు టోపీ కిందికి స్క్రూడ్రైవర్ పెట్టి, దాన్ని ముందే వైరుతో ట్యూబ్ చుట్టూ ఉన్న ఎర్త్ జడకి కట్టేసి డిశ్చార్జి చేయాలి. చాచా ఆ పని చేసేటప్పుడు ఎడమచెయ్యి లాల్చీ జేబులో పెట్టుకుంటాడు. ఒకవేళ షాక్ కొట్టినా కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోకుండా ఉండడానికి. చాలా ఏళ్లుగా మూలనపడ్డ సెట్టుకి ఒక్కసారిగా కరెంటు ఇవ్వడు. వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ఇస్తాడు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఫ్యూజుకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏమీ కాదు.

ఆ తర్వాత తెర చూడాలి. తెర మీద వెలుగే లేదు, సౌండ్ ఉంది అంటే హారిజాంటల్ సెక్షన్, ఈహెచ్‌టీ, ట్యూబ్ హీటర్ వైపు. వెలుగుంది, బొమ్మా లేదు సౌండూ లేదు అంటే ట్యూనర్ లేదా ఐఎఫ్. వెలుగుంది, సౌండ్ ఉంది, బొమ్మ ఒక్కటే లేదు అంటే ఆ రెండూ విడిపోయాక ఉన్న వీడియో యాంప్లిఫయర్. బొమ్మ పైకో కిందికో దొర్లుతుంటే వర్టికల్ హోల్డ్, ఏటవాలు చారలుగా చిరిగిపోతుంటే హారిజాంటల్ హోల్డ్, రెండూ ఒకేసారి అయితే వాటికంటే ముందున్న సింక్ విడదీసే స్టేజీ. మా పేరులేని సెట్టులో బొమ్మ వచ్చింది, కానీ అంచులు పాములా మెలికలు తిరుగుతూ, నల్లటి అడ్డపట్టీలు రెండు మెల్లగా పైకి పాకుతున్నాయి. రెండు పట్టీలు అంటే వందసార్లు, అంటే ఫుల్ వేవ్ రెక్టిఫయర్ తర్వాత ఉన్న ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయింది. ఒకే పట్టీ అయితే యాభైసార్లు, హాఫ్ వేవ్ సప్లై లేదా ఒక డయోడ్ పోయింది. పట్టీలు లెక్కపెట్టి రెక్టిఫయర్ సంగతి చెప్పడం నాకు ఎంత నచ్చిందంటే, ఎలక్ట్రానిక్ డివైసెస్ పేపర్‌లో రిపుల్ ఫ్రీక్వెన్సీ అని బట్టీపట్టింది ఇదేనా అనిపించింది. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి కండెన్సర్లు తెచ్చి మార్చాం.

ఇంకో సమస్య మిగిలింది. బ్రైట్‌నెస్ పెంచితే బొమ్మ ఉబ్బి, మసకబారిపోతోంది. అంటే కిరణం కరెంటు ఎక్కువైనప్పుడు హై వోల్టేజీ పడిపోతోంది. ఈహెచ్‌టీ రెక్టిఫయర్ మార్చాక ఉబ్బడం తగ్గింది. మొహాలు మాత్రం వెండిపూత పూసినట్టే ఉండిపోయాయి, అది ట్యూబ్ ముసలితనం. హీటర్‌కి కొంచెం ఎక్కువ వోల్టేజీ ఇచ్చే బూస్టర్ పెడితే ఇంకొన్నాళ్లు వస్తుందట. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వద్దన్నారు, పాతగా కనబడితేనే బాగుందట.

బొమ్మ జబ్బుల్లో కొన్ని సెట్టువి కావు. ఘోస్టు సంగతి చూడండి. అసలు బొమ్మకి కుడిపక్కన దాని నీడ. సిగ్నల్ నేరుగా ఒకసారి, ఏ బిల్డింగుకో గుట్టకో తగిలి ఇంకోసారి వచ్చిందన్నమాట. 20 అంగుళాల తెర వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, ఒక లైనులో కనబడే భాగం 52 మైక్రోసెకన్లు. నీడ 2 సెంటీమీటర్లు పక్కకి జరిగితే ఆలస్యం 2.6 మైక్రోసెకన్లు, అంటే ఆ సిగ్నల్ దాదాపు 780 మీటర్లు ఎక్కువ నడిచొచ్చింది. స్కేలు పెట్టి తెర కొలిస్తే అది ఎన్ని అడుగుల చుట్టుదారిలో వచ్చిందో చెప్పొచ్చు! మందు సెట్టులో లేదు, మేడ మీది యాంటెన్నా తిప్పడంలో ఉంది. మా మలక్‌పేటలో ఇంకో తమాషా. మూసారాంబాగ్ దగ్గర బస్టాపు పేరే టీవీ టవర్. టవర్ నీడలో ఉన్న ఇళ్లకి సిగ్నల్ ఎక్కువై బొమ్మ నల్లబడి వంకర్లు పోయేది, ఊరి బయట ఉన్నవాళ్లకి తక్కువై గ్రెయిన్స్ వచ్చేవి. పక్కింటివాళ్లు బూస్టర్ కొంటుంటే ఇక్కడివాళ్లు సిగ్నల్ తగ్గించే రెసిస్టర్లు పెట్టించుకునేవాళ్లని చాచా నవ్వుతూ చెప్పాడు.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. సైట్ పల్లెలకి బొమ్మ చూపించిన కంపెనీ ఊరికి బొమ్మ వచ్చింది ఆ తర్వాతే. రావు గారు ఈసీఐఎల్ నుంచి 1978లో తప్పుకున్నారు. అంటే తమ టీవీని తమ ఊరి ప్రసారంతో చూస్తూ ఆయన ఆ కుర్చీలో ఉన్నది కొద్దికాలం మాత్రమే. అప్పటికే, 1972లో, పద్మభూషణ్ వచ్చింది.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో కలర్ వచ్చింది. ఆ తర్వాత టీవీ వ్యాపారం మారిపోయింది. విదేశీ కిట్లు తెచ్చి, డబ్బాలో బిగించి, బయట మంచి పేరు తగిలించి అమ్మే కంపెనీలు బోలెడు పుట్టాయి. తప్పేం కాదు, జనానికి టీవీ చవగ్గా, తొందరగా అందింది. మా తాతయ్యా వాళ్లింట్లో కలర్ టీవీ వచ్చింది అలాగే. ఈసీ టీవీ ఆ పరుగులో నిలబడలేకపోయింది. ప్రభుత్వ కంపెనీకి రంగుల ప్రకటనలు, పండగ డిస్కౌంట్లు, ఆరునెలలకో కొత్త మోడల్ చేతకాలేదు. మెల్లగా షాపుల్లోంచి మాయమైపోయింది.

మరి రావు గారు ఓడిపోయారా? మా హాస్టల్లో దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం. ఒక స్నేహితుడి లెక్క ప్రకారం మార్కెట్లో నిలవని వస్తువు ఫెయిలైనట్టే, దానికి ఎంత దేశభక్తి పూసినా సరే. నా లెక్క వేరు. చాచా ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ చదవలేదు. 1970ల చివర ఈ ఊళ్లో టీవీలు కొత్తగా వస్తున్నప్పుడు, ఆ సెట్లు ఇక్కడే తయారవుతున్నాయి కాబట్టి సర్క్యూట్ డయాగ్రాం ఇక్కడే దొరికేది, భాగాలు ఇక్కడే దొరికేవి, ఫలానా చోట ఎన్ని వోల్టులుండాలో చెప్పగల మనిషి కుషాయిగూడ బస్సు ఎక్కితే దొరికేవాడు. ఆయన విద్య అలా వచ్చింది. ఆ విద్యతోనే తర్వాత అన్ని కంపెనీల కలర్ టీవీలూ బాగుచేశాడు, ఇద్దరు పిల్లల్ని చదివించాడు. ఇది ఏ బ్యాలెన్స్ షీట్లోనూ ఉండదు. ఇప్పుడు ఆయన దగ్గరికొచ్చే బోర్డుల్లో సగం చిప్పుల మీద పేరే ఉండదు, డయాగ్రాం ఎవరూ ఇవ్వరు. బోర్డు మొత్తం మార్చేయడమే. దీన్ని రిపేర్ అనడానికి ఆయనకి మనసొప్పదు. నా స్నేహితుడు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఖరీదైన కంప్యూటర్లని పదేళ్లు జనం నెత్తిన రుద్దినదాని సంగతేంటని అడుగుతూనే ఉన్నాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, అందుకే పైన ఆ విమర్శ కూడా రాశాను.

కంపెనీ మాత్రం పోలేదు. టీవీలు ఆగిపోయినా అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ పరికరాలు, రక్షణ శాఖ పరికరాలు, మనం ఓటేసే యంత్రాలు అక్కడ తయారవుతూనే ఉన్నాయి. చెడిపోతే ఏ వైపుకి చెడిపోవాలో ముందే ఆలోచించాల్సిన సరుకులే అన్నీ. అప్సర కాలం నాటి అలవాటు ఎక్కడికి పోతుంది?

రావు గారు 2003 అక్టోబర్ 31న చనిపోయారు. 89 ఏళ్లు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు ఇళ్లు కట్టుకున్న కాలనీకి ఆయన బతికుండగానే ఆయన పేరు పెట్టుకున్నారు. అప్పట్లో ఊరికి దూరంగా, రాళ్లూ పొదలూ ఉన్న చోటది. ఇప్పుడు అక్కడ గజం ధర వింటే కళ్లు తిరుగుతాయి.